తెడ్డు వేసిన చెయ్యి

మా అయిజకు సముద్రం ఎంత దూరమో ఒలింపిక్ క్రీడలు కూడా అంతే దూరం. పైన కృష్ణ, కింద తుంగభద్ర, నడుమ నిలువెత్తు ఎండ – ఇదీ మా నడిగడ్డ భూగోళం. రెండు నదుల నడుమ గడ్డ గనుక నడిగడ్డ అన్నారు. ఆ పేరు విన్నవాళ్ళు మేమంతా నీళ్ళలో ఈదుతూ పుట్టామనుకుంటారు. బిందెడు నీళ్ళ విలువ ఎంతో మా ఆడవాళ్ళనడిగితే తెలుస్తుంది. అటువంటి ఊరి మనిషి పడవ పందేల గురించీ, ఆటల ఫొటోల గురించీ రాయబూనడం కొంచెం విడ్డూరమే. కాని ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. పడవకూ కెమెరాకూ ఉన్న చుట్టరికం చాలా పాతది. చరిత్ర తిరగేస్తే అది మన హైదరాబాదు పొలిమేరల్లోంచి కూడా పోతుంది.

ముందు మా పడవ సంగతి చెప్పాలి. మాది కొనదేరిన పడవ కాదు, పుట్టి. వెదురుబద్దలతో పెద్ద గంపలాగా అల్లి, దాని అడుగుకు పూర్వం తోలు కప్పేవారు. తరువాతి కాలంలో తోలు పోయి తారు పూసిన పట్టాలు వచ్చాయి. దీనికి ముందూ వెనకా లేవు, ముక్కూ తోకా లేవు. ఏ పక్క కూర్చుంటే ఆ పక్కే ముందు. రాజ్యాంగం లేని రాజ్యం లాంటిది. చేతిలో ఒకే ఒక తెడ్డు. కొత్తవాడు తెడ్డు వేశాడంటే పుట్టి ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. చిన్నప్పుడు తుంగభద్ర దాటిస్తూ ఒక పెద్దాయన నాతో అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. “తెడ్డు పక్కకేస్తే గానుగెద్దు లెక్క తిరుగుతది నాయనా. నీళ్ళను నీ తట్టు గుంజుకో, పుట్టి అదే నడుస్తది” అన్నాడు. నీటిని తనవైపు లాక్కున్నవాడే ముందుకు పోతాడన్నది ఆ పెద్దాయన భౌతికశాస్త్రం. అది ఏ కాలేజీలోనూ తప్పు కాదు.

ఈ పుట్టి ఇవ్వాళ్టిది కాదు. సుమారు 1520 ప్రాంతంలో కృష్ణదేవరాయల విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేయెస్ దీన్ని చూసి ఆశ్చర్యపోయాడు. ఆనెగొంది దగ్గర జనం గుండ్రటి గంపల వంటి పడవల్లో నది దాటుతున్నారనీ, లోపల బెత్తం, బయట తోలు అనీ, పదిహేను ఇరవై మంది పట్టేవనీ, కావాలంటే గుర్రాలూ ఎద్దులూ కూడా దాటేవనీ, అవి తిన్నగా పోక తిరుగుతూ పోయేవనీ రాసుకున్నాడు. ఆనెగొంది పక్కనుంచి పారిన ఆ తుంగభద్రే కిందికి వచ్చి, రాజోలిబండ దాటి, మా ప్రాంతాన్ని ఒరుసుకుంటూ పోయి కృష్ణలో కలుస్తుంది. అంటే ఆయన చూసిన విద్యే ఆ నీటివెంట మాదాకా వచ్చిందన్నమాట. ఆయన కాలంలో కెమెరా లేదు. ఆయన కళ్ళే కెమెరా, కలమే ప్లేటు.

ఇక ఆట అనదగిన పడవ నడపడం వేరు. మనకు నది అవతలి గట్టు పని. ఇంగ్లీషువాళ్ళకు నది మీదే పని. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యార్థులు మొదటిసారి పందెం వేసుకున్నది 1829లో. వాళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి టీ, క్రికెట్, పడవ పందెం మూటగట్టుకుని పోయారు. కలకత్తాలో రోయింగ్ క్లబ్బు 1858లో, మద్రాసులో బోట్ క్లబ్బు 1867లో వెలిశాయి. ఈ ఆటలో ఒక తమాషా ఉంది. తెడ్డు వేసేవాడు గమ్యానికి వీపు పెట్టి కూర్చుంటాడు. ఎక్కడికి పోతున్నాడో కనపడదు, ఎక్కడినుంచి వచ్చాడో మాత్రమే కనపడుతుంది. ముందు చూపు ఉండేది చుక్కాని పట్టిన ఒక్కడికే. మన పుట్టివాడు ముఖం అటు పెట్టి నీళ్ళు లాక్కుంటాడు, దొర వీపు అటు పెట్టి నీళ్ళు తోస్తాడు. ఇద్దరూ ఒడ్డు చేరతారు.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. హైదరాబాదులో ఫొటో అనగానే గుర్తుకు రావలసిన పేరు రాజా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగు చదువుకుని, ఇండోర్‌లో ప్రభుత్వ నౌకరీ చేస్తూ కెమెరా పట్టాడాయన. తరువాత ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానంలో ఫొటోగ్రాఫరయ్యాడు. 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచాడు. నిజాం ఆయనకు ‘ముసవ్విర్ జంగ్’ అని బిరుదిచ్చాడు. చిత్రకళలో యోధుడని దాని భావం. దర్బార్లూ, మేడలూ, సైన్యాలూ, కరువు పనులూ, వేటలూ అన్నీ ఆయన ప్లేట్ల మీదికెక్కాయి.

ఆ వేట ఫొటోలు చూడండి. ముందు చచ్చిన పులి, దాని వెనక తుపాకీ పట్టుకుని నవాబులూ దొరలూ. వేట ఏదీ? వేట అయిపోయింది! మనం చూస్తున్నది వేట కాదు, వేట తాలూకు రసీదు. పోలో జట్టయినా, క్రికెట్ జట్టయినా, కాలేజీ పడవ జట్టయినా ఆ రోజుల్లో ఇంతే. తెడ్లు నిలువుగా పట్టుకుని, నడుమ ఒక కప్పు పెట్టుకుని, మీసాలు సవరించుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ జట్టు కనపడుతుంది గాని ఆట కనపడదు.

అది ఫొటోగ్రాఫర్ల చేతగానితనం కాదు. తడి ప్లేట్ల రోజుల్లో గాజు పలకకు రసాయనం పూసి, అది ఆరకముందే ఫొటో తీసి, ఆరకముందే కడగాలి. దానికితోడు పలక మీద వెలుగు కొన్ని సెకన్లపాటు పడాలి. అన్ని సెకన్లు కదలకుండా ఉండగలిగినవి కొండలు, కోటలు, చచ్చిన పులులు. నవాబులు కూడా కష్టం మీద ఉండగలిగేవారు. పరుగెత్తే గుర్రమూ, తెడ్డు వేసే చెయ్యీ పొగలాగా అలుక్కుపోయేవి. 1871లో ఇంగ్లండులో మాడక్స్ అనే డాక్టరు జిలెటిన్ పూత కనిపెట్టాడు. ఆ దశాబ్దం చివరికి పొడి ప్లేట్లు అంగళ్ళలోకి వచ్చాయి. అవి వచ్చాకే కెమెరాకు కాస్త కాలూ చెయ్యీ ఆడాయి.

అంతకు కొద్దిముందే అమెరికాలో ఒక మొండివాడు తడి ప్లేట్లతోనే అద్భుతం చేశాడు. పేరు మైబ్రిడ్జ్. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ఏ క్షణమైనా నేల విడుస్తాయా లేదా అన్నది అప్పటి తగవు. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో దారిపొడవునా పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం దారం తెంపగానే ఆ కెమెరా కన్ను తెరిచి మూసుకునేది. నాలుగు కాళ్ళూ నేల విడుస్తున్నాయని తేలింది. అదీ చిత్రకారులు వందల ఏళ్ళుగా గీస్తున్నట్టు ముందు కాళ్ళు ముందుకూ వెనక కాళ్ళు వెనక్కూ చాపినప్పుడు కాదు, నాలుగూ కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు. పాపం, చిత్రకారుల గుర్రాలన్నీ ఒక్క రోజులో అబద్ధాలైపోయాయి.

ఆ వార్త చదివి గింజుకోని చిత్రకారుడొకడున్నాడు. ఫిలడెల్ఫియాలో థామస్ ఈకిన్స్. మన దీన్‌దయాళ్ పుట్టిన 1844లోనే పుట్టాడు. నా కథకు అసలు నాయకుడు ఇతనే. ఎందుకంటే ఇతను ముందు తెడ్డు పట్టాడు, ఆ తరువాత కెమెరా పట్టాడు. వాళ్ళ ఊళ్ళో షూయెల్‌కిల్ అని ఒక నది. దాని మీద పడవ నడపడం అక్కడి కుర్రకారుకు పిచ్చి. ఈకిన్స్, అతనితో పాటు చదువుకున్న మాక్స్ ష్మిట్ ఇద్దరూ ఆ పిచ్చివాళ్ళే. 1870 అక్టోబరులో ష్మిట్ పందెం గెలిచాడు. మరుసటి ఏడాది ఈకిన్స్ ఆ స్నేహితుణ్ణి ఒంటి పడవలో కూర్చోబెట్టి ఒక పెద్ద చిత్రం వేశాడు. ఇప్పుడది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. ఆ చిత్రంలో పందెం లేదు, చప్పట్లు లేవు. తెడ్లు వదిలి, పడవ తన ఊపున తాను పోతుంటే వెనక్కి తిరిగి మనవైపు చూస్తున్న మనిషి ఉన్నాడు. కొంచెం దూరంలో ఇంకో పడవలో తెడ్డు వేసుకుంటూ పోతున్నది ఈకిన్సే. ఆ పడవ మీద తన పేరూ సంవత్సరమూ రాసుకున్నాడు. ఒడ్డున నిలబడి చూసినవాడు వేసిన బొమ్మ కాదది. అదే నీటి మీద, అదే పనిలో ఉన్నవాడు వేసింది.

పడవల చిత్రాలు ఇంకా కొన్ని వేశాడు. తెడ్డు ఏ కోణంలో మునుగుతుందో, అల మీద వెలుగు ఎలా విరుగుతుందో ఇంజనీరులాగా గీతలు గీసి, లెక్కలు కట్టి వేసేవాడు. మైబ్రిడ్జ్ గుర్రాలు వచ్చాక, 1879-80లో, నాలుగు గుర్రాల బండి చిత్రం ఒకటి వేశాడు. గుర్రాల కాళ్ళు ఫొటోలో ఉన్నట్టే ఖచ్చితంగా, గాలిలో ఆగిపోయినట్టు వేశాడు. బండి చక్రాల ఆకులు మాత్రం కంటికి కనిపించినట్టు తిరుగుడులో కలిసిపోయేలా వేశాడు. కాళ్ళు ఆగి, చక్రాలు తిరుగుతున్నాయేమిటని విమర్శకులు పట్టుకున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆటల ఫొటోలు తీసే ప్రతివాడినీ ఇవ్వాళ్టిదాకా వేధిస్తున్న ప్రశ్న కూడా అదే. ఎంత ఆపాలి? ఎంత కదలనివ్వాలి?

ఆ ప్రశ్న తేల్చుకోవడానికి ఈకిన్స్ తానే కెమెరా పట్టాడు. 1884లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం మైబ్రిడ్జ్‌ను పిలిపించి, మనుషుల, జంతువుల కదలికలను ఫొటోలు తీయించింది. అక్కడి విద్యార్థి ఆటగాళ్ళు పరుగెత్తారు, దూకారు, బరువులు విసిరారు. ఈకిన్స్ కూడా ఆ ఆవరణలోనే పని చేశాడు. మైబ్రిడ్జ్‌కు ఎన్నో కెమెరాలు కావాలి. ఈకిన్స్‌కు ఒక్కటే కావాలి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారే చూపించిన పద్ధతిలో, కన్నాలున్న చక్రం కెమెరా ముందు తిరుగుతుంటే, ఒకే పలక మీద ఒకే మనిషి దూకుడంతా మెట్టు మెట్టుగా పడేది. పరుగు, ఎగురు, దిగుడు అన్నీ ఒకే ఫొటోలో గొలుసులాగా. జట్టులో నిలబడి తెడ్డు వేసినవాడికి కదలిక ముక్కలు ముక్కలుగా ఉండదు, ఒకే తీగలాగా ఉంటుంది. అతని ఫొటో కూడా అలాగే వచ్చిందని నాకు అనిపిస్తుంది.

ఈ మాట పుస్తకం చూసి మాత్రమే అనడం లేదు. హైదరాబాదులో కాలేజీలో చదివే రోజుల్లో నేను ఎన్.సి.సి. నౌకాదళ విభాగంలో చేరాను. సముద్రం లేని ఊళ్ళో నౌకాదళమేమిటని మా ఊళ్ళో అందరూ నవ్వారు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో తవ్వించిన హుసేన్‌సాగర్ మా సముద్రం. వేలర్ అనే ఇరవై ఏడు అడుగుల చెక్క పడవ మా నౌక. అయిదుగురం తెడ్లు వేయాలి, ఒకడు చుక్కాని పట్టాలి. ‘గివ్ వే టుగెదర్’ అని కేక వినపడితే దారి ఇమ్మంటున్నారు కాబోలనుకుని కొత్తవాళ్ళు పక్కకు ఒదిగేవారు. అందరూ కలిసి తెడ్డు వేయమని దాని అర్థం. పుట్టి ఎక్కి పెరిగిన నాకు అక్కడ కొత్తగా అబ్బింది ఒకటే. అయిదు తెడ్లు ఒకే చప్పుడుగా నీళ్ళలో పడటం. ఒక్క తెడ్డు ఆలస్యమైనా పడవకు తెలుస్తుంది. మన వీపుకు అంతకంటే ముందు తెలుస్తుంది. ఎదుటివాడి వీపు చూస్తూ, వాడి భుజం కదలకముందే మన భుజం కదలాలి. కన్ను చూసి చెయ్యికి చెప్పేలోగా సమయం దాటిపోతుంది.

ఒకసారి జ్వరమొచ్చి గట్టున కూర్చున్న రోజున, జట్టువాళ్ళు ఒక క్లిక్-3 కెమెరా నా చేతికిచ్చారు. ఆగ్ఫా కంపెనీ డబ్బా. రీలుకు పన్నెండు ఫొటోలు. అలా మొదలైంది. తరువాత చేయి మారిన రష్యా జెనిత్ ఒకటి కొనుక్కున్నాను. బరువులో అది కెమెరా కాదు, తూనికరాయి. దాని షట్టరు గరిష్ఠ వేగం సెకనులో 500వ వంతు. పడవలే కాక హాకీ, కబడ్డీ, మా ఊరి తట్టు జాతరల్లో ఎడ్ల బండలాగుడు, ఏది దొరికితే అది తీశాను. ఏ ఆట తీసినా నాకు పనికొచ్చింది హుసేన్‌సాగర్ పాఠమే. కంటికి కనపడ్డాక మీట నొక్కితే ఆ క్షణం అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. కాబట్టి కనపడబోయే ముందు నొక్కాలి. అది కనపడబోతున్నదని తెలియాలంటే ఆ ఆట కొంతైనా మన ఒంట్లో ఉండాలి.

పడవ ఫొటో సంగతే చూడండి. తెడ్డు వేయడంలో నాలుగు ఘట్టాలు. ముందుకు వంగి తెడ్డు నీళ్ళలో ముంచడం, లాగడం, పైకి తీయడం, మళ్ళీ ముందుకు రావడం. తెడ్డు మునిగే ఘట్టంలో అయిదు వీపులూ ఒకే వంపులో, చేతులు తాళ్ళలాగా బిగిసి ఉంటాయి. ఆ రెప్పపాటులో జట్టు మొత్తం ఒకే జంతువులా కనిపిస్తుంది. అర సెకను తరువాత తీస్తే అదే జట్టు బస్సులో నిద్రపోతున్న ప్రయాణికుల్లా ఉంటుంది.

ఇక ఈకిన్స్ ప్రశ్నకు లెక్క చెబుతాను. పడవ సెకనుకు నాలుగు మీటర్లు పోతున్నదనుకోండి. సెకనులో 30వ వంతు కన్ను తెరిచే డబ్బా కెమెరా ముందు అది సుమారు 13 సెంటీమీటర్లు జరుగుతుంది. మనిషి ముఖం దాదాపు మొత్తం అలుక్కుపోయినట్టే. 500వ వంతులో జరిగేది 8 మిల్లీమీటర్లే. కాని మరీ గట్టిగా ఆపేస్తే పడవ లంగరు వేసినట్టుంటుంది, నీళ్ళు గాజులా ఉంటాయి. అందుకే పాతవాళ్ళు ఇంకో ఉపాయం చేస్తారు. షట్టరు వేగం కొంచెం తగ్గించి, పడవతో పాటు కెమెరాను కూడా సమంగా తిప్పుతూ మీట నొక్కుతారు. మనిషి నిలుస్తాడు, గట్టు మీది చెట్లు గీతలై పారిపోతాయి. ఆ తిప్పడంలో నడుము ఊగే లయ తెడ్డు వేసేవాడి లయే. ఈకిన్స్ బండి చక్రాలు ఎందుకు తిరిగాయో నాకు అప్పుడు తెలిసింది.

ఇలా ఆటలోంచి కెమెరాలోకి నడిచినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇంగ్లండులో మిడిల్‌సెక్స్ జట్టుకు ఆడిన జార్జ్ బెల్డమ్ 1905లో సి.బి. ఫ్రైతో కలిసి గొప్ప బాట్స్‌మన్ల మీద ఫొటోల పుస్తకం తెచ్చాడు. మన రంజిత్ సింహ్‌జీ కూడా అందులో ఉన్నాడు. బెల్డమ్ తీసిన విక్టర్ ట్రంపర్ ఫొటో ఒకటి క్రికెట్ లోకమంతా ఎరుగును. క్రీజు వదిలి ముందుకు దూకి, బాటు వెనక్కెత్తి, కాలు ఇంకా నేల మీద ఆనకముందు పట్టిన ఫొటో. బంతి కనపడదు. అయినా ఆ బంతి ఎక్కడికి పోతుందో చూసేవాడికి తెలిసిపోతుంది. ఆ క్షణం కోసం కాచుకోవాలంటే తానూ అలా ముందుకు దూకినవాడై ఉండాలి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా నడిగడ్డకు ఇందులో రావలసిన బాకీ ఒకటుంది. మైబ్రిడ్జ్ గుర్రం పేరు శాలీ గార్డ్‌నర్ అని ఇవ్వాళ కూడా లోకానికి తెలుసు. మాక్స్ ష్మిట్ పేరు తెలుసు. పులి వెనక నిలబడ్డ నవాబుల పేర్లు తెలుసు. ఆ పులిని అడవిలోంచి తోలుకొచ్చిన మనుషుల పేర్లు తెలియవు. అయిదు వందల ఏళ్ళ కిందట పేయెస్ చూసిన పుట్టి నడిపినవాడి పేరు తెలియదు, సరే. మొన్నమొన్నటిదాకా మనల్ని దాటించినవాడి పేరు తెలుసా? కృష్ణలోని గుర్రంగడ్డ లాంటి లంక ఊళ్ళ వాళ్ళు పడవనూ పుట్టినీ నమ్ముకునే బతికారు. 2009 అక్టోబరు వరదల్లో కర్నూలు, రాజోలి, అలంపురం మునిగినప్పుడు ఈ రెండు నదుల బలమెంతో లోకం చూసింది. ఆ నీళ్ళ పక్కన పుట్టి వేసి బతికినవాళ్ళ పనితనం మాత్రం ఎక్కడా నిలవలేదు. వంతెనలు వచ్చినకొద్దీ రేవులు మూతపడుతున్నాయి. అది మంచిదే, ఎవరూ కాదనరు. కాని ఆ విద్య పోయాక దాని ఫొటో తీయలేం కదా.

కొన్ని ఫొటోలు ఉన్నాయి, లేకపోలేదు. సూర్యాస్తమయం, నల్లటి పుట్టి, దాని మీద నల్లటి మనిషి. క్యాలెండరుకు పనికొస్తాయి. ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో, తెడ్డు మీద ఏ చెయ్యి పైన ఉంటుందో, నీళ్ళను తనవైపు లాక్కునేటప్పుడు మోకాలు ఎక్కడ ఆన్చుకుంటాడో వాటిలో కనపడదు. జాతరలో గెలిచిన ఎడ్లకు దండలు వేసి, పక్కన పెద్దమనుషులు నిలబడి తీయించుకునే ఫొటో కూడా దీన్‌దయాళ్ నాటి పులి ఫొటోకు తమ్ముడే. బండ కదిలిన ఆ మొదటి జానెడు దూరం, ఎద్దు గిట్ట నేలలోకి దిగిన క్షణం, ములుగర్ర పట్టినవాడి గొంతు నరాలు – అవీ ఆట ఫొటో అంటే.

అవి తీయగలిగినవాళ్ళు హైదరాబాదునుంచి రానక్కరలేదు. ఇప్పుడు మా పిల్లల చేతిలోని ఫోనులోనే, మైబ్రిడ్జ్ పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి చేసినపని సెకనులో జరిగిపోతుంది. కావలసింది పనిముట్టు కాదు. తెడ్డు వేసిన చెయ్యి, పగ్గం పట్టిన చెయ్యి, కూతపెట్టిన గొంతు. పుట్టివాడి మనవడు ఫొటో తీస్తే, ఎప్పుడు నొక్కాలో వాడికి ఎవరూ చెప్పక్కరలేదు. ఒక్క విన్నపం మాత్రం ఉంది. ఈకిన్స్ తన పడవ మీద పేరూ సంవత్సరమూ రాసుకున్నట్టే, ఆ ఫొటో వెనకాల తెడ్డు వేసినవాడి పేరూ, రేవు పేరూ, తేదీ రాసి పెట్టండి.